జింకు తగ్గితే నాలుక ఉప్పు ఎక్కువ అడుగుతుందా?

తింటున్నది చప్పగా ఉందని, ఉప్పు ఎంత వేసినా చాలడం లేదని ఎవరైనా అనగానే "జింకు తగ్గిందేమో చూపించుకోండి" అనే సలహా ఇప్పుడు వెంటనే వస్తోంది. ఆ సలహాలో నిజం లేకపోలేదు. జింకు లోపిస్తే రుచి తెలియడం మందగిస్తుందని, జింకు లేని ఆహారం తిన్న ఎలుకలు మామూలు ఎలుకలు మూతి పెట్టని ఉప్పునీటిని కూడా తాగేస్తాయని యాభై ఏళ్ళ కిందటే తేలింది. అయితే ఎలుక సీసాలోని ఉప్పునీటికీ మనిషి కంచంలోని ఉప్పుకూ మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని పరిశోధనలు ఎంతవరకు దాటాయో, ఎక్కడ ఆగిపోయాయో చూస్తే జింకు మాత్ర ఎవరికి పనికొస్తుందో, ఎవరికి దండగో కూడా తెలిసిపోతుంది.

ముందు ఒక చిక్కు విడదీసుకోవాలి. "ఉప్పు తెలియడం" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం నాలుగు వేరువేరు సంగతులున్నాయి. నీళ్ళలో ఎంత కొంచెం ఉప్పు కలిపినా నాలుక పసిగట్టగలుగుతుందా అన్నది ఒకటి. కలిపిన ఉప్పు ఎంత గాఢంగా అనిపిస్తోంది అన్నది రెండోది. ఏ గాఢత దగ్గర "బాగుంది" అనిపిస్తుంది, ఏది దాటితే వెగటు పుడుతుంది అన్నది మూడోది. ఒంట్లో సోడియం నిజంగానే తరిగిపోయి శరీరం ఉప్పు కోసం వెతుక్కోవడం నాలుగోది. మొదటి రెండూ నాలుకకూ నాడులకూ సంబంధించినవి. చివరి రెండింటిలో మెదడు, హార్మోన్లు, అలవాటు వచ్చి చేరతాయి. జింకు గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో సగం గందరగోళం ఈ నాలుగింటినీ కలగలపడం వల్ల పుట్టిందే.

ఈ తేడా ఎంత పెద్దదో 1940లో ఒక అమెరికా వైద్య పత్రికలో లాసన్ విల్కిన్స్, కర్ట్ రిక్టర్ రాసిన నివేదిక చూస్తే అర్థమవుతుంది. అందులో ఉన్నది మూడున్నరేళ్ళ పిల్లవాడు. ఏడాది వయసులోనే బిస్కెట్ల మీది ఉప్పు నాకేవాడు. కాస్త పెద్దయ్యాక ఉప్పుబుడ్డి కోసం మారాం చేసేవాడు, చేతికిస్తే ఉత్త ఉప్పే తినేవాడు. పలకడం నేర్చుకున్న తొలి మాటల్లో "ఉప్పు" ఒకటి. వేరే కారణంతో ఆస్పత్రిలో చేర్చినప్పుడు అక్కడ అందరికీ పెట్టే భోజనమే పెట్టారు. ఏడు రోజుల్లో చనిపోయాడు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయని శవపరీక్షలో తేలింది. ఆ గ్రంథుల హార్మోను లేకపోతే సోడియం మూత్రంలో ఆగకుండా పోతూ ఉంటుంది. పిల్లవాడు ఉప్పు తిని తన ప్రాణాన్ని తానే నిలబెట్టుకుంటూ వచ్చాడన్నమాట. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలు కూడా ఉప్పునీటిని ఎంచుకుని బతుకుతాయని రిక్టర్ అప్పటికే, 1936లో, చూపించాడు. వాటి నాలుక ఉప్పును మరింత సున్నితంగా పసిగడుతోందని ఆయన ఊహ. 1950లో కార్ల్ ఫాఫ్‌మన్, జాన్ బేర్ నాలుక నుంచి మెదడుకు వెళ్ళే నాడిలోని సంకేతాలను నేరుగా కొలిచి చూశారు. మామూలు ఎలుకలకూ వీటికీ తేడా లేదు. ఉప్పు మీద మొగ్గు మారాలంటే నాలుక మారి ఉండాల్సిన పని లేదని దీంతో స్పష్టమైంది. జింకు గురించి తరవాత వచ్చిన ప్రతి ప్రయోగాన్నీ ఈ ఫలితంతో పోల్చి చూసుకుంటూ చదవడం మేలు. చాలామంది అలా చదవరు.

నాలుక మీద జింకుకు ఏం పని?

మనిషికి జింకు లోపం అనేది ఒకటి ఉంటుందని వైద్యం ఒప్పుకున్నదే ఆలస్యంగా. ఇరాన్‌లోని షిరాజ్ నగరంలో భారత సంతతి వైద్యుడు ఆనంద ప్రసాద్, ఆయన సహచరులు చూసిన రోగుల గురించి 1961లో ప్రచురించారు. వారిలో 21 ఏళ్ళ యువకుడొకడు పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. ఎదుగుదల లేదు, యౌవన లక్షణాలు లేవు, రక్తహీనత తీవ్రంగా ఉంది, మట్టి తినే అలవాటు ఉంది. ఇనుము లోపం ఒక్కటే అయితే ఎదుగుదల ఇంతగా ఆగదని, మరో లోహం కూడా కరవై ఉండాలని ప్రసాద్ అనుమానించారు. తరవాత ఈజిప్టులో ఇలాంటి రోగుల మీదే పరీక్షలు జరిపి, 1963 నాటికి ఆ లోహం జింకేనని నిర్ధారించారు. తిండిలో జింకు అసలే లేక వచ్చిన లోపం కాదది. పొట్టు తీయని ధాన్యంలో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింకును పట్టుకుని పేగుల్లో ఇంకనివ్వకపోవడం వల్ల వచ్చింది. ఆహారంలో ఫైటేట్‌కూ జింకుకూ అణువుల లెక్కన నిష్పత్తి 15 దాటితే జింకు ఇంకడం బాగా పడిపోతుందని ఇప్పటి పోషకాహార శాస్త్రం లెక్క కడుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఈ ఫైటేట్‌ను తగ్గిస్తాయి.

పెద్ద మనిషి ఒంట్లో ఉండే జింకు మొత్తం 2 నుంచి 3 గ్రాములు. అందులో అధిక భాగం కండరాల్లో, ఎముకల్లో ఉంటుంది. రక్తరసంలో ఉండేది ఆ మొత్తంలో నూటికి ఒక వంతు కూడా కాదు. ఇనుములా కాలేయంలో దాచుకుని అవసరానికి తీసుకునే నిల్వ అంటూ జింకుకు లేదు కాబట్టి, తిండిలో రోజూ అందుతూ ఉండాల్సిందే. మగవారికి రోజుకు 11 మిల్లీగ్రాములు, ఆడవారికి 8 మిల్లీగ్రాములు అన్నది అమెరికా ప్రమాణం. మూడు వందలకు పైగా ఎంజైములకు ఈ లోహం కావాలి. కణం విభజన చెందడానికీ ఇది కావాలి. ఇక్కడే నాలుక కథలోకి వస్తుంది.

రుచి మొగ్గ ఒక్కోదానిలో 50 నుంచి 100 కణాలుంటాయి. అవి కలకాలం ఉండేవి కావు. వేడికీ పులుపుకూ రాపిడికీ రోజంతా గురయ్యే చోట ఉన్నందువల్ల అరిగిపోతూ, వాటి స్థానంలో కొత్తవి పుడుతూ ఉంటాయి. ఎలుకల్లో ఒక రుచి కణం సగటు ఆయుష్షు పది రోజులు. ఇంత వేగంగా కణాలు మారే చోట జింకు కొరత ముందుగా బయటపడుతుందని అనుకోవడం సహజమే. చర్మం, పేగుల లోపొర, వెంట్రుకలు కూడా జింకు లోపంలో త్వరగా దెబ్బతినేది ఇందుకే.

రెండో దారి ఎంజైములది. జింకు ఉన్నట్టు తేలిన మొట్టమొదటి ఎంజైము కార్బానిక్ అన్‌హైడ్రేస్. డేవిడ్ కీలిన్, థడ్డియస్ మాన్ 1940లో ఆ సంగతి కనిపెట్టారు. కార్బన్ డయాక్సైడును నీటితో కలిపి ఆమ్లంగా మార్చడం దాని పని. ఈ ఎంజైములో ఒక రకం పులుపును పసిగట్టే రుచి కణాల మీద ఉంటుంది. సోడా నోట్లో చురుక్కుమనడంలో దాని పాత్ర పెద్దది. ఎత్తైన కొండలు ఎక్కేవారు ఆ ఎత్తులో వచ్చే అస్వస్థతకు ముందుజాగ్రత్తగా అసెటజోలమైడ్ అనే మందు వేసుకుంటారు. ఆ మందు ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది. అది వేసుకున్నవారికి శిఖరం చేరాక తాగే బీరు, షాంపేన్ పొంగు చచ్చిన నీళ్ళలా ఉంటాయి. జింకు ఎంజైము ఒకటి ఆగిపోతే ఒక రుచి ఉన్నపళంగా మాయమవుతుందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. కాకపోతే మాయమయ్యేది సోడా చురుకు, ఉప్పదనం కాదు.

అదే ఎంజైము కుటుంబంలో మరో రకం లాలాజలంలో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన రాబర్ట్ హెన్కిన్ బృందం 1970ల మధ్యలో దాన్ని వేరుచేసి "గస్టిన్" అని పేరు పెట్టింది. రుచి మందగించిన కొందరి లాలాజలంలో అది తక్కువగా ఉందని, రుచి మొగ్గలు పెరగడానికి అది అవసరమని హెన్కిన్ వాదించారు. ఆ గస్టిన్ కార్బానిక్ అన్‌హైడ్రేస్ ఆరో రకమేనని 1998లో తేలింది. వాదన ఆకర్షణీయంగానే ఉంది. కానీ ఆ జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకల్లో రుచి మొగ్గలు మామూలుగానే ఉన్నాయని, తేడా కనిపించింది చేదు విషయంలోనని 2014లో వచ్చిన అధ్యయనం చెప్పింది. రుచి మొత్తానికీ గస్టినే ఆధారమన్న వాదన అక్కడ బాగా సన్నగిల్లింది.

రెండు సీసాల పరీక్ష

ఎలుకల్లో ఉప్పు ఇష్టాన్ని కొలిచే పద్ధతి చాలా సాదాది. బోనుకు రెండు సీసాలు తగిలిస్తారు. ఒకదానిలో మంచినీళ్ళు, రెండోదానిలో ఉప్పునీళ్ళు. ఎలుక ఒక వైపే అలవాటు పడకుండా రోజూ సీసాల చోటు మారుస్తారు. దేనిలో ఎంత తగ్గిందో చూస్తారు. మామూలు ఎలుక లీటరుకు 9 గ్రాముల దగ్గర, అంటే రక్తంలో ఉండే ఉప్పదనానికి దగ్గరగా ఉన్న నీటిని, మంచినీటి కన్నా ఎక్కువ తాగుతుంది. గాఢత దానికి రెట్టింపు అయ్యేసరికి మంచినీటి సీసాకు మళ్ళుతుంది. జింకు లేని ఆహారం తిన్న ఎలుకలు ఈ గీత దగ్గర ఆగవు. మిగతావి వెగటుపడే గాఢతలో కూడా తాగుతూనే ఉంటాయి. మకానెల్, హెన్కిన్ 1974లో ఈ ఫలితం ప్రచురించారు. తరవాత వేరే ప్రయోగశాలలూ ఇలాంటి ఫలితమే చూశాయి. కాబట్టి ఎలుకల వరకు ఈ సంగతి గట్టిదే.

ఎందుకలా జరుగుతోంది అన్నప్పుడే మాట తేలిక కాదు. నాలుక మొద్దుబారి, ఎక్కువ ఉప్పు కూడా కొంచెంగానే అనిపిస్తోందన్నది మొదట తట్టే సమాధానం. అదే నిజమైతే చేదు మీద కూడా వెగటు తగ్గాలి. తగ్గినట్టు ప్రయోగాలు చూపించాయి కూడా. జపాన్ పరిశోధకులు 2001లో ప్రచురించిన పనిలో, చాలా వారాలు జింకు అందని ఎలుకల్లో నాలుక ముందుభాగం నుంచి వెళ్ళే నాడి సంకేతాలు బలహీనపడ్డాయి. ఇక్కడిదాకా అంతా అతికినట్టే ఉంది. కానీ అదే పనిలో, ఉప్పునీటి వైపు మొగ్గు ఆహారం మారిన కొద్ది రోజులకే పెరిగింది. చేదు విషయంలో మార్పు ఆ తరవాత వచ్చింది. రుచి కణాలు అరిగి, వాటి చోట కొత్తవి రాకపోవడమే కారణమైతే దానికి ఒక ఆయుష్షు కాలమైనా పట్టాలి కదా. అంతకన్నా ముందే ఉప్పు ఒక్కదాని మీద మొగ్గు మారిందంటే, అక్కడ నాలుకతో పాటు మరేదో పని చేస్తున్నట్టే. ఫాఫ్‌మన్ పాఠం గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడే.

ఇంకో సంగతి కూడా ఉంది. జింకు లోపించిన ఎలుకలు తిండి తగ్గిస్తాయి. తగ్గించడం కూడా ఒక వింత పద్ధతిలో: మూడు నాలుగు రోజులకు ఒకసారి కాస్త తినడం, మళ్ళీ మానడం. ఇలా ఒక చక్రంలా సాగుతుంది. సగం ఆకలితో ఉన్న జంతువు ఉప్పునీళ్ళు ఎక్కువ తాగడానికి జింకుతో నిమిత్తం లేని కారణాలు ఉండొచ్చు. అందుకే సరైన ప్రయోగాల్లో మూడో గుంపు ఒకటి ఉంటుంది: జింకు పుష్కలంగా ఉన్న ఆహారాన్నే, లోపమున్న ఎలుక తిన్నంత కొలతలో మాత్రమే పెడతారు. ఈ గుంపు లేని అధ్యయనాన్ని పట్టుకుని ఎవరైనా గట్టిగా మాట్లాడితే నమ్మకం కాస్త తగ్గించుకోవడం మంచిది.

నాలుక మీద ఉప్పుకు రెండు దారులున్నాయని 2013లో ఎలుకల మీద జరిగిన పని తేల్చింది. కొద్ది ఉప్పును ఇష్టంగా మార్చేది సోడియం కోసం ప్రత్యేకంగా ఉన్న కణాల దారి. ఎక్కువ ఉప్పును వెగటుగా మార్చేది చేదు, పులుపు కణాల దారి; గాఢమైన ఉప్పు ఆ రెండింటినీ అరువు తెచ్చుకుంటుంది. చేదు, పులుపు దారులు రెండూ మూసేసిన ఎలుకలకు ఉప్పు ఎంత ఎక్కువైనా వెగటు పుట్టలేదు. ఇది తెలిశాక పాత జింకు ప్రయోగాలను మరో రకంగా చదవాలనిపిస్తుంది. లోపమున్న ఎలుకకు ఉప్పు మీద మోజు పెరగలేదేమో, ఉప్పు మీద ఉండాల్సిన బ్రేకు వదులైందేమో. చేదు మీద వెగటు కూడా తగ్గడం, పులుపు కణాల మీద జింకు ఎంజైము ఉండడం ఈ ఊహకు ఊతమిస్తాయి. ఊహ అన్న మాట మాత్రం వదలకూడదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి

మనుషుల్లో ఈ కథ మొదలైంది ఉప్పుతో కాదు, ఒక మందుతో. పెనిసిలమైన్ అనే మందు లోహాలను పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. అది వాడిన కొందరికి రుచి పోయింది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవారిలో మాత్రం ఇది అరుదు. 1967లో హెన్కిన్, ఆయన సహచరులు రుచి పోయినవారికి రాగి ఇచ్చి రుచిని తిరిగి తెప్పించారు. అప్పుడు అందరి చూపూ రాగి మీదే. జింకు వైపు మళ్ళింది ఆ తరవాత. పిల్లల విషయంలో మైకేల్ హ్యాంబిడ్జ్ 1972లో డెన్వర్ నగరం నుంచి ప్రచురించిన పరిశీలన పేరుమోసింది: ఎదుగుదల తక్కువగా, తిండి మీద ఆసక్తి లేకుండా, వెంట్రుకల్లో జింకు తక్కువగా ఉన్న పిల్లలకు రుచి కూడా సరిగా తెలియడం లేదు, జింకు ఇచ్చాక మెరుగైంది.

1975లో హెన్కిన్ మరో అడుగు వేశారు. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వ్యాధి ఉన్న ఆరుగురికి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెద్ద మోతాదులో ఇచ్చారు. అది జింకును మూత్రంలోకి లాగేస్తుంది. ఆకలి పోయింది, రుచి, వాసన తగ్గాయి, మానసిక స్థితిలోనూ మార్పులు వచ్చాయి. హిస్టిడిన్ ఆపకుండానే జింకు ఇస్తే అన్నీ సర్దుకున్నాయి. కారణం, ఫలితం రెండూ ఒకేచోట దొరికినట్టు అనిపించే ప్రయోగమిది. కానీ 1981లో మరో బృందం ఆరోగ్యంగా ఉన్నవారికి హిస్టిడిన్ ఇచ్చి చూస్తే జింకు మూత్రంలో పోయింది, ఆకలి తగ్గింది, రుచి మాత్రం తగ్గలేదు. అదే ఏడాది, ఉప్పుకు నేరుగా సంబంధించిన పని ఒకటి వచ్చింది. యువకులకు జింకు తగ్గించిన ఆహారం పెట్టి చూస్తే ఉప్పు రుచిని గ్రహించే తీరులో మార్పు కనిపించిందని దాని సారాంశం. పాల్గొన్నవారు కొద్దిమందే. అయినా మనుషుల్లో ఉప్పు సంగతిని విడిగా చూసిన కొద్ది పనుల్లో అది ఒకటి.

ఇక ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ చర్చకు తగిన ప్రయోగం 1976లోది. జింకు వాదాన్ని భుజాన మోసిన హెన్కినే దాన్ని నడిపారు. రుచి, వాసన మందగించిన 106 మందిని తీసుకుని, జింకు సల్ఫేట్ మాత్రో ఉత్తుత్తి మాత్రో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఇచ్చారు. అంతకుముందు ఇలాంటి కట్టడి లేకుండా ఇచ్చినప్పుడు జింకు బాగా పనిచేసినట్టు కనిపించింది. ఈసారి రెండు మాత్రల మధ్యా తేడా లేదు. తన వాదానికి ఎదురుతిరిగిన ఫలితాన్ని దాచకుండా ప్రచురించడం చిన్న విషయం కాదు. ఆ మర్యాద ఆయనకు దక్కాలి. జింకు బాగా పనిచేసినట్టు ఎందుకు కనిపించిందో కూడా దీనితో బోధపడుతుంది. మందగించిన రుచి చాలామందిలో నెలల మీద తనంతట తానే కొంత తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ మాత్ర వేసుకుంటే ఆ మాత్రకు పేరు వస్తుంది.

ఆ తరవాతి ఫలితాలు అటూ ఇటూగా సాగాయి. కారణం తెలియకుండా రుచి చెడిన 50 మందికి జర్మనీలో మూడు నెలలు రోజుకు 140 మిల్లీగ్రాముల జింకు గ్లూకోనేట్ ఇస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మేలు కనిపించిందని 2005లో వచ్చింది. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారిలో ఒక చిన్న ప్రయోగం 1998లో ఆశ రేపింది; సుమారు 170 మందితో పెద్ద ఎత్తున జరిపిన ప్రయోగం 2007లో ఆ ఆశను కొట్టేసింది. ప్రయోగాలన్నిటినీ కలిపి తూచిన కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, జింకుకు అనుకూలంగా ఉన్న ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది. వీటిలో ఉప్పు ప్రసక్తి ప్రత్యేకంగా వచ్చినది ఐరోపాలో పెద్ద వయసువారి మీద ఆరు నెలలు సాగిన అధ్యయనం. రోజుకు 30 మిల్లీగ్రాముల జింకు తీసుకున్న, 70 ఏళ్ళు దాటినవారిలో ఉప్పును పసిగట్టే శక్తి కొంత మెరుగైంది. తీపి, పులుపు, చేదుల్లో మార్పు లేదు. ఆ వయసుకన్నా చిన్నవారిలో ఉప్పు విషయంలోనూ మార్పు లేదు.

ఇక్కడ చెప్పిన మెరుగుదల మొదటి రకానిది: తక్కువ ఉప్పును పసిగట్టగలగడం. దానివల్ల వారు వంటలో ఉప్పు తగ్గించుకున్నారా అన్నది మరో ప్రశ్న. పసిగట్టే శక్తికీ ఇష్టానికీ మనుషుల్లో పొత్తు అంతంత మాత్రమే. ఉప్పును చురుగ్గా గుర్తించేవారు ఉప్పు తక్కువ తింటారన్న నియమం ఏమీ లేదు.

ఇష్టాన్ని నడిపే వాటిలో పెద్దది అలవాటు. మేరీ బెర్టినో, గ్యారీ బోషాంప్ 1982లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఐదు నెలలు సోడియం తగ్గించి తిన్నారు. మొదట్లో అంతా చప్పగానే ఉంది. రెండు మూడు నెలలు గడిచేసరికి వారికి "సరిపోయింది" అనిపించే ఉప్పు మోతాదే కిందికి దిగింది. అంతకుముందు నచ్చిన మోతాదు ఇప్పుడు మరీ ఉప్పగా తోచింది. వారికి జింకు ఎవరూ ఇవ్వలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలంటుంటే ప్రపంచ సగటు 10 గ్రాములు దాటి ఉందంటే, దానికి కోట్లమంది జింకు కొరతను కారణంగా చూపడం కన్నా వంటలో, ప్యాకెట్ ఆహారంలో కలుస్తున్న ఉప్పు వైపు చూడడం సబబు.

జింకుకూ రక్తపోటుకూ సంబంధం నాలుక దగ్గరే ఉండాలని కూడా లేదు. జింకు లోపించిన ఎలుకల మూత్రపిండాలు సోడియాన్ని బయటికి పంపకుండా ఎక్కువగా వెనక్కి పీల్చుకుంటాయని, దానివల్ల రక్తపోటు పెరుగుతుందని 2019లో ఒక పని చూపించింది. ఉప్పు ఎక్కువ తినకపోయినా ఉప్పు చేటు జరిగే దారి ఇది.

మాత్ర వేసుకునే ముందు

నిజంగా జింకు లోపించే అవకాశం ఎక్కువగా ఉన్నవారు కొందరున్నారు. పేగుల్లో క్రోన్స్ వ్యాధి ఉన్నవారు, బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నవారు, కాలేయం గట్టిపడినవారు, డయాలసిస్‌లో ఉన్నవారు, మద్యం ఎక్కువగా తాగేవారు, చాలాకాలంగా తిండి సరిగా తినలేని వృద్ధులు. పేగు నుంచి జింకును లోపలికి తెచ్చే ప్రోటీన్ జన్యువు చెడి పుట్టే పిల్లలు అరుదుగా ఉంటారు. వారికి జీవితాంతం జింకు ఇవ్వాల్సి ఉంటుంది. ఇలాంటి నేపథ్యం ఉండి, పుండ్లు మానకపోవడం, జుట్టు రాలడం, మాటిమాటికీ జబ్బుపడడం లాంటివి కూడా తోడై, రుచి తగ్గిందంటే జింకును అనుమానించడానికి బలమైన కారణం ఉన్నట్టు. ఇవేమీ లేకుండా ఉప్పు ఒక్కటే ఎక్కువ కావాలనిపిస్తుంటే ఆ అనుమానానికి బలం చాలదు. ఉప్పు మీద కొత్తగా, అదుపు లేని తపన పుట్టి, బరువు తగ్గడం, నిలబడితే కళ్ళు తిరగడం, చర్మం నల్లబడడం తోడైతే ముందు చూడాల్సింది జింకు కాదు, అడ్రినల్ గ్రంథులు.

రుచి పోయిందని వచ్చేవారిలో చాలామందికి పోయేది వాసన. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ కేంద్రం 1991లో 750 మంది రోగుల వివరాలు ప్రచురించింది. రుచి తగ్గిందని చెప్పినవారు ఎక్కువే, కానీ పరీక్ష చేస్తే నాలుకలో నిజంగా లోపం తేలింది చాలా కొద్దిమందిలోనే. తిండి "రుచి" అని మనం అనుకునేదానిలో పెద్ద వాటా గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనది. జలుబు చేసినప్పుడు ఏదీ రుచించకపోయినా ఉప్పు ఉప్పగా, పంచదార తీయగా తెలుస్తూనే ఉంటాయి. వాసన తగ్గినవారు ఆ చప్పదనాన్ని ఉప్పుతో పూడ్చాలని చూడడం మామూలే. వారికి జింకు ఇచ్చినా ఉప్పు తగ్గదు.

రక్తంలో జింకు కొలిచి తేల్చేయవచ్చుగా అంటే, ఆ పరీక్షకు తన ఇబ్బందులు తనకున్నాయి. రక్తరసంలో జింకు ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. భోజనం చేశాక తగ్గుతుంది. జ్వరమో వాపో ఉంటే కాలేయం జింకును లోపలికి లాగేసుకోవడం వల్ల, ఒంట్లో సరిపడా ఉన్నా రక్తంలో తక్కువ చూపిస్తుంది. పరగడుపున ఉదయం తీసిన నమూనాలో డెసిలీటరుకు 70 మైక్రోగ్రాములకు తగ్గితే లోపంగా చూడడం వాడుక. స్వల్ప లోపాన్ని ఈ పరీక్ష పట్టుకోలేకపోవడమూ ఉంది.

మోతాదు దగ్గర పొరపాటు తేలిక. డబ్బా మీద రాసే బరువు కొన్నిసార్లు జింకు లవణానిది, కొన్నిసార్లు అందులోని జింకుది. జర్మనీ ప్రయోగంలోని 140 మిల్లీగ్రాముల గ్లూకోనేట్‌లో అసలు జింకు 20 మిల్లీగ్రాములే. 220 మిల్లీగ్రాముల జింకు సల్ఫేట్ మాత్రలో ఉండేది 50 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు గరిష్ఠ పరిమితి అమెరికా లెక్కలో 40 మిల్లీగ్రాములు, ఐరోపా లెక్కలో 25. నెలల తరబడి ఈ పరిమితి దాటితే పేగులో రాగి ఇంకడం ఆగిపోతుంది. రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కి నడక తడబడడం దాని ఫలితాలు. కట్టుడు పళ్ళు అతికించే జింకు పేస్టును ఏళ్ళ తరబడి మితిమీరి వాడి ఇలా నరాలు దెబ్బతిన్నవారి ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముక్కులో వేసుకునే జింకు మందులతో వాసనే పోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది. మాత్రను నోట్లో చప్పరిస్తే వగరుగా ఉండడమే కాక, జింకు సల్ఫేట్ తీపిని బాగా అణిచేస్తుంది. రుచి కోసం వేసుకున్నది కాసేపు రుచినే తీసేస్తుందన్నమాట.

లోపం నిర్ధారణ అయినవారికి వైద్యులు సాధారణంగా మూడు నెలల పాటు జింకు ఇచ్చి చూస్తారు. చిక్కేమిటంటే, అలాంటివారిలో చాలామందికి రక్తపోటు కారణంగా ఉప్పు తగ్గించమని కూడా అదే చీటీలో రాస్తారు. ఉప్పు తగ్గించిన నాలుక సర్దుకోవడానికి పట్టేదీ రెండు మూడు నెలలే, తనంతట తిరిగివచ్చే రుచికి పట్టేదీ దాదాపు అంతే. మూడు నెలల తరవాత తక్కువ ఉప్పుతోనే తిండి బాగుందనిపిస్తే, అందులో జింకు వాటా ఎంతో విడదీయడం కష్టం. విడదీయాలంటే జింకు మొదలుపెట్టే ముందూ ఆ తరవాతా, ఉప్పు, పంచదార, పులుపు, చేదు నీళ్ళను వేరువేరు గాఢతల్లో నాలుక మీద వేసి పరీక్షించాలి. పెద్దగా ఖర్చు లేని పరీక్షే అయినా, రక్త పరీక్ష రాసినంత తరచుగా దాన్ని ఎవరూ రాయరు.